ఎదురు కొస

మార్చి 4

అత్తా,

ఓడిపోయాం. వరసగా మూడో ఏడు. మొదటి లాగుడు మనది, రెండోది వాళ్ళది. మూడోదానిలో గీత దాకా లాక్కొచ్చి అక్కడ చేతులెత్తేశాం. కప్పు ఇటుకల ఫ్యాక్టరీవాళ్ళే పట్టుకుపోయారు. వేరే దారి ఉన్నా పనిగట్టుకుని మన గేటు ముందు నుంచే ఊరేగుతూ పోయారు.

ఓడితే ఓడాం. తాళ్ళు పేనే కార్ఖానావాళ్ళు తాడు లాగుడులో ఓడిపోవడం ఈ ఊళ్ళో జోకై కూర్చుంది, దానికి నేను ఉత్తరం రాయను. అసలు సంగతి వేరే. మన ఎనిమిదిమందిలో ఒకరు మన జట్టు ఓడిపోతుందని పందెం కాశారు. మన చొక్కా వేసుకుని, మన తాడు పట్టుకుని, మన మీదే.

పేరు రాయను. రాస్తే కాగితం చిరిగేలా ఉంది. రెండు రోజులైంది, తిండి సయించట్లేదు. పురి మిషను దగ్గర నిలబడితే ఎవరి మొహమూ చూడబుద్ధి కావట్లేదు. వాళ్ళూ నా మొహం చూడట్లేదు.

ఇలాంటివాళ్ళకి ఎంత శిక్ష వెయ్యాలి? నేనైతే జన్మలో తాడు ముట్టనివ్వను. మైదానం కంచె దాకా కూడా రానివ్వను. దానికన్నా పెద్దది ఏదన్నా ఉంటే అదీ వేస్తాను. నువ్వు తొమ్మిదేళ్ళు ఈ జట్టులో లాగినదానివి, నువ్వు చెప్పు.

నాన్నకి చెప్పకు. తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు.

నీ కోడలు


మార్చి 11

ఒసేయ్ పిచ్చిదానా,

ఎంత కాశావు?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను తూకం వేసే కాటా మీద లారీ ఎక్కి కూర్చుని హారను మోగిస్తున్నా బరువు చూడకుండా చదివాను. "ఒకరు" అంటావు. పేరు రాయనంటావు. తిండి సయించట్లేదంటావు. నాన్నకి చెప్పకంటావు. నీకు ఏడేళ్ళప్పుడు మా బీరువా అద్దం పగలగొట్టి, నా దగ్గరికే వచ్చి, "అత్తా, ఎవరో అద్దం పగలగొట్టారు, వాళ్ళనేం చెయ్యాలి?" అని అడిగావు. నేనేమీ అనకముందే "చేతులు విరగ్గొట్టాలి" అని నువ్వే తీర్పు కూడా చెప్పేశావు. ఇప్పుడూ అదే గొంతు వినపడుతోంది.

నిజం చెప్పు తల్లీ. నేను తిట్టను. సరే, తిడతాను, కానీ తిట్టాక బస్సెక్కి వస్తాను. వాళ్ళు కనిపెట్టేదాకా ఆగకు, నలుగురి ముందూ నిలబడి నువ్వే చెప్పెయ్. నీ పక్కన నేనుంటాను. నా బదులు కాటా మీద కూర్చునేవాడికి ఒక్కరోజుకి సరిపడా బుద్ధి ఉంది, రెండో రోజుకి లేదు, కాబట్టి తొందరగా తేల్చు.

ఫోను చెయ్యకు. ఫోనులో నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను. రాసి పంపు.

కంగారుతో,
అత్త


మార్చి 15

అత్తా,

నేను కాదు. నేను కాదు, నేను కాదు, నేను కాదు! అద్దం నేనే పగలగొట్టాను, ఒప్పుకుంటున్నాను, అది పదహారేళ్ళ కిందటి మాట. దీనికీ దానికీ ముడిపెడతావా? నీ ఉత్తరం చదివి మిషను ఆపకుండానే అరిచాను. పక్కనున్నవాళ్ళు నా చెయ్యి అందులో పడిందేమోనని పరిగెత్తుకొచ్చారు.

లంగరు. ఆ పని చేసింది లంగరు. తాడు కొసన ఎనిమిదో మనిషి. నడుముకి తాడు చుట్టుకుని ఓడ లంగరులా పాతుకుని కూర్చుంటాడని ఆ పేరు. అతని ముందు ఏడో నంబరు నేను. ఆయన అని రాయడానికి ఇప్పుడు చెయ్యి రావట్లేదు, వయసులో పెద్దయినా సరే.

లాగేటప్పుడు వెనక్కి చూడకూడదని నీకు నేను చెప్పాలా? తల తిరిగితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే అడుగు జారుతుంది. వెనకున్న మనిషి ఊపిరి మెడ మీద తగులుతుంటే, ఉన్నాడులే అనుకుని లాగుతాం. మూడేళ్ళు ఆ ఊపిరిని నమ్ముకున్నాను.

ఎలా బయటపడిందంటే, మన గంట (పక్కన నిలబడి జట్టుకి కేక అందించేవాడు, ఆ గొంతుకి ఇంకేం పేరు పెడతాం) గేటు ఎదురుగా ఉన్న సైకిలు షాపుకి ట్యూబు అతికించుకోవడానికి వెళ్ళాడు. అక్కడ షాపువాడు లంగరు చేతిలో నోట్లు లెక్కపెడుతున్నాడు. "ఓడినవాడికి బహుమతేమిట్రా?" అని మనవాడు అడిగాడట. షాపువాడు నవ్వి, "మీ మీద నాకున్న నమ్మకం కూడా మీ లంగరుకి లేదు బాబూ" అని పందేలు రాసుకునే నోటుపుస్తకం తీసి చూపించాడు. మూడు ఫైనళ్ళు, మూడుసార్లూ మనం ఓడతామనే.

అడిగితే లంగరు ఏమన్నాడో తెలుసా? "కాశాను. కానీ లాగాను." అంతే.

పోటీల కార్యదర్శి, అదే ప్రెస్సులో అచ్చు పనిచేసే ఆయన, కాగితం పంపాడు. నెలాఖరులోగా మా జట్టే తగిన శిక్ష వేసి రాసివ్వాలట. లేకపోతే వచ్చే ఏడు తాళ్ళ కార్ఖానాకి పోటీలో చోటు లేదట. తగిన అంటే ఎంతో చూద్దామని నిబంధనల పుస్తకం మొత్తం చదివాను. బూటు అడుగున ఎన్ని మేకులుండాలో పేజీన్నర రాశారు. దీనికి ఒక్క లైను. ఆ లైనులో "తగిన" తప్ప ఇంకేం లేదు. 31న అందరం కూర్చుంటున్నాం. నేను జన్మాంతం అని పట్టుబడతాను. ఎవరు అడ్డొస్తారో చూస్తాను.

నేను కాని,
నీ కోడలు


మార్చి 22

కోడలుపిల్లా,

తప్పయిపోయింది. చెవులు పట్టుకున్నాననుకో. ఆ బీరువాకి అద్దం మళ్ళీ వేయించలేదు, తలుపు తీసినప్పుడల్లా నీ మీద అనుమానం దానంతటదే వస్తుంది.

వాడా? తప్పు చదివానేమోనని ఆ ముక్క రెండుసార్లు చదివాను. నువ్వు మూడేళ్ళంటున్నావు, నేను తొమ్మిదేళ్ళు వాడి ముందు ఏడో నంబరుని. నోట్లో నాలుక లేని మనిషి. వానలో ఒకసారి నా కాలు జారి మోకాళ్ళ మీద పడితే, నేను లేచేదాకా మొత్తం తాడంతా ఒక్కడే ఆపాడు. లేచాక ఒక్క మాట అనలేదు. అలాంటివాడు సైకిలు షాపులో... ఛీ.

కానీ ఒకటి చెప్తున్నాను, గట్టిగా విను. వాడిని జన్మాంతం తరిమెయ్యడానికి నేను ఒప్పుకోను. నీ జట్టువాళ్ళకి కూడా చెప్పు, నేను ఒప్పుకోనన్నానని. ఎందుకంటే

కంకర లారీలు ఆరు ఒక్కసారే దిగాయి, డ్రైవర్లు నా కిటికీ బద్దలు కొట్టేలా ఉన్నారు. తపాలా సంచీ ఇప్పుడే వెళ్తోంది, దీన్ని అందులో పడేస్తున్నాను. మిగతాది తీరిగ్గా రాస్తాను.

అత్త


మార్చి 26

అత్తా,

మిగతాది రాయక్కర్లేదు. ఎందుకంటే ఏమిటో నాకు తెలిసిపోయింది. మూడో నంబరు చెప్పాడు. ఒకప్పుడు నీకూ లంగరుకీ పెళ్ళి మాటల దాకా వెళ్ళిందటగా! ఆ ఊపిరికి నీ మెడ ఇంకా కరుగుతోందని నాకేం తెలుసు? నేను న్యాయం అడిగితే నువ్వు జ్ఞాపకాలు తీస్తున్నావు. నీ మాట జట్టువాళ్ళకి చెప్పను. చెప్పను గాక చెప్పను.

పైగా నాకు ఇంకో తలనొప్పి వచ్చిపడింది. నీతో తప్ప ఎవరితోనూ చెప్పుకోలేను, అందుకే తిట్టిన కాగితం మీదే రాస్తున్నాను.

లంగరు దొంగ లాగుడు లాగాడని రుజువు చెయ్యాలనుకున్నాను. ఫైనలు తాడు మనం పేనిందే కదా, ప్రతి బారకీ సిరా గుర్తు వేసి పంపాం. జట్లు పక్కలు మారినప్పుడు తాడు కూడా తిప్పుతారు కాబట్టి మన కొస ఎప్పుడూ మన చేతిలోదే. కొత్త పీచు తాడు గట్టిగా లాగితే సాగుతుంది, సాగింది మళ్ళీ పూర్తిగా వెనక్కి రాదు. కొసన లంగరుకీ నాకూ మధ్య ఉన్న బార మీద అతనొక్కడి బలమే పడుతుంది. నాకూ ఆరో నంబరుకీ మధ్య బార మీద అతనిదీ నాదీ కలిపి పడుతుంది. అతను లాగకపోతే చివరి బార పేనినప్పుడు ఎంతుందో అంతే ఉండాలి.

గోదాములోంచి తాడు తెప్పించి నేల మీద పరిచి కొలిచాను. చివరి బార రెండు వేళ్ళు సాగింది. దాని ముందుది మూడు వేళ్ళు.

తీసివేత నువ్వే చేసుకో. నేను లాగింది ఒక్క వేలు. యాభై దాటిన ఆ మనిషి నాకు రెండింతలు లాగాడు, అదీ మేం ఓడితే తనకి డబ్బొచ్చే రోజున. మూడుసార్లు కొలిచాను. బారబద్ద తప్పేమోనని వేరేది తెచ్చి మళ్ళీ కొలిచాను.

తాడు చుట్టేసి ఆరబెట్టే షెడ్డు దూలానికి తగిలించేశాను. ఇది బయటపెడితే అతన్ని ఊరికే వదిలేస్తారు. పెట్టకపోతే, నేను ఎవరినని తీర్పు చెప్పడానికి? ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదో తెలియట్లేదు.

కోడలు


మార్చి 28

ఒసేయ్ నోటిదురుసుదానా,

పెళ్ళి మాటలా? తొమ్మిదేళ్ళలో వాడు నాతో అన్నవన్నీ కలిపితే పోస్టుకార్డు నిండదు. అందులో పెళ్ళి ఎక్కడ పట్టింది? ఆ మూడో నంబరుకి చెప్పు, నేను వచ్చానంటే వాడి నోటికి పురి తిప్పి ముడేస్తానని.

"ఎందుకంటే" దగ్గర ఆపి పంపడం నాదే బుద్ధి తక్కువ. పూర్తి చేస్తున్నాను, కళ్ళు పెట్టి చదువు. ఎందుకంటే అది చాలదు! జన్మాంతం తరిమేస్తే ఏమవుతుంది? సాయంత్రం ఇంటికెళ్ళి కాళ్ళు బారజాపుకుని కూర్చుంటాడు. నీకు ఇరవై మూడేళ్ళు, తాడు లేకపోతే నీకు ఊపిరాడదు, అందుకని నీకది ఉరిశిక్షలా కనిపిస్తోంది. వాడికి యాభై రెండు, నడుం నొప్పి. నువ్వు వెయ్యాలనుకుంటున్నది శిక్ష కాదు, పింఛను. మీ కళ్ళ ముందు లేకుండా పోతే వాడూ మరిచిపోతాడు, మీరూ మరిచిపోతారు. ఇంకా పెద్దది వెతుకు. దొరక్కపోతే వెతుకుతూనే ఉండు.

తాడు సంగతి నలుగురిలో చెప్పు. నీది ఒక్క వేలని కూడా చెప్పు. అది మింగేస్తే, ఇక వాడి మీద లేపడానికి నీకు గొంతుండదు.

కరగని మెడతో,
అత్త


ఏప్రిల్ 2

అత్తా,

నీ ఉత్తరం నిన్న పొద్దున వచ్చింది. మేం కూర్చున్నది మొన్న సాయంత్రం. అంటే నువ్వు నన్ను వెనకేసుకొచ్చావని తెలియకుండానే, నీ మీద కూడా కోపంతో వెళ్ళాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆరబెట్టే షెడ్డులో కూర్చున్నాం. లాగే ఏడుగురం తాడు చుట్టల మీద, ఓటు లేని గంట గుమ్మం దగ్గర. కార్యదర్శి రాసుకోవడానికి స్టూలు మీద. లంగరుకి ఎవరూ చుట్ట జరపలేదు, తారు పీపా పక్కన నిలబడే ఉన్నాడు.

మూడో నంబరు ముందు లేచాడు. "అందరం కాసేవాళ్ళమేగా. నేను కూడా టీ డబ్బులు పెడతాను. తప్పయితే నన్నూ గెంటండి."

"నువ్వు మనం గెలవాలని పెడతావు" అన్నాను.

"డబ్బు డబ్బే కదమ్మా."

"ఎలా అవుతుంది? నీ డబ్బు పోయిన రోజు నువ్వు మాతో కలిసి ఏడుస్తావు. మేం ఏడ్చిన రోజు ఆయన లెక్కపెట్టుకుంటాడు."

గంట మూడేళ్ళు బయట ఉంచుదామన్నాడు, ఫైనలుకి ఒక ఏడు చొప్పున. ఐదో నంబరు జట్టు మొత్తానికి బూట్లు కొనిపిద్దామంది. నేను జన్మాంతం అన్నాను. "అసలెందుకు కాశావయ్యా?" అని కార్యదర్శి అడిగాడు. లంగరు నేలకేసి చూస్తూనే చెప్పాడు. "ఓడిన రోజు ఒట్టి చేతులతో ఇంటికెళ్ళలేను సార్. గెలిస్తే కప్పుంటుంది. ఓడితే అదుంటుంది. ఏదో ఒకటి చేతిలో ఉండాలనుకున్నాను. దానివల్ల నా లాగుడు తగ్గలేదు."

"తగ్గింది" అని ఎవరో అన్నారు. అందరూ నావైపు చూశారు, అతని ముందు నిలబడేదాన్ని నేనే కాబట్టి. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చిందత్తా. కానీ తాడు నా నెత్తిమీదే వేలాడుతోంది.

"తగ్గలేదు" అన్నాను. "కొలిచాను. ఆయనది రెండు వేళ్ళు."

"మరి నీది?" అన్నాడు గంట.

"ఒకటి."

ఎవరో కిసుక్కుమన్నారు. నా చెవులు కాలిపోయాయి. మూడో నంబరు తొడ కొట్టుకుని, "ఇంకేం మరి! లాగాడుగా! వదిలెయ్యండి, ఇళ్ళకి పోదాం" అన్నాడు.

అప్పుడు లేచాను. "వదలను! లాగాడు, నిజమే. కానీ వచ్చే ఏడు మూడో లాగుడులో, చేతులు మండిపోతుంటే, నా తల ఒక్కసారి వెనక్కి తిరుగుతుంది. ఇవాళ ఈయన ఎవరి పక్కనున్నాడో చూద్దామని. నా ముందున్న ఆరుగురి తలలూ తిరుగుతాయి. మనం ఓడింది ఈయన వల్ల కాకపోవచ్చు, ఇక గెలవలేకపోయేది మాత్రం ఈయన వల్లే. మా మెడలు పాడు చేశాడు. ఏడుగురి మెడలు! దీనికి ఎన్నేళ్ళో ఏ పుస్తకంలో ఉంది?"

అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. ఏడాది, మూడేళ్ళు, బూట్లు. చిరాకెత్తిపోయి అరిచేశాను. "మా మీద కాశాడుగా, అయితే మా మీదే లాగమనండి! ఎదురు కొస పట్టుకుని, ఏడాదంతా, రోజూ, మా కళ్ళ ముందు! మొహం చూపించి లాగమనండి!"

నవ్వారు. తర్వాత నవ్వు దానంతటదే ఆగిపోయింది. కార్యదర్శి కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇది ప్రతిపాదనా?" అని అడిగాడు. కాదండీ, తిట్టు అనబోయాను.

"రాసుకోండి" అన్నాడు లంగరు.

రాసుకున్నారు. ఏడాదిపాటు మన తాడు ముట్టకూడదు. రోజూ సాయంత్రం సాధనలో ఎదురు కొస పట్టాలి, అతని ముందు నిలబడటానికి లోడింగు సెక్షనులో ఏడుగురిని తనే పోగు చేసుకోవాలి. ఒక్కరోజు రాకపోయినా జన్మాంతం. ఫైనలు రోజున కంచె లోపలికి అడుగు పెట్టకూడదు. సైకిలు షాపు గడప తొక్కకూడదు. ఏడు చేతులూ లేచాయి. ఆఖరున లేచింది నాది. నాకిప్పటికీ చాలదనే ఉంది.

మనకిప్పుడు కొసన ఎవరూ లేరు.

కోడలు


ఏప్రిల్ 9

నా బంగారమా,

నేను వెతకమన్నది నీ నోట తిట్టులా ఊడిపడిందా! కాటా దగ్గర ఒక్కదాన్నే కూర్చుని నవ్వాను. తూకంలో మోసం చేశానేమోనని ఒక డ్రైవరు మళ్ళీ తూయించుకున్నాడు.

కొసన ఎవరూ లేరంటావేం? నువ్వున్నావుగా. రోజుకి వంద బళ్ళ బరువు చూసేదాన్ని, నాకు తెలియదా ఎవరు ఎంత మొయ్యగలరో. వెళ్ళి ఆ తాడు నడుముకి చుట్టుకో. నీ ఒక్క వేలు రెండు వేళ్ళు కావాలంటే చోటు అదే.

అత్త


జూన్ 17

అత్తా,

శిక్ష ఎవరికి పడిందో నాకు అర్థం కావట్లేదు. రోజూ ఓడిపోతున్నాం! బస్తాలెత్తడం తప్ప తాడు పట్టడం తెలియని ఏడుగురిని ముందు పెట్టుకుని ఆ మనిషి మమ్మల్ని నేల మీద ఈడ్చేస్తున్నాడు. ఈ నెలలో రెండేసార్లు గెలిచాం. అందులో ఒకటి వాళ్ళలో ఒకడికి తుమ్మొచ్చింది కాబట్టి.

లోడింగువాళ్ళు మమ్మల్ని చూసి "రండి రండి, పార్సిలు సిద్ధంగా ఉందా?" అంటున్నారు. క్యాంటీనులో తల ఎత్తుకోలేకపోతున్నాం. ఈ శిక్ష రద్దు చేసి వేరేది వేద్దామని గంట మొదలుపెట్టాడు.

కొసన నిలబడితే సరిగ్గా ఎదురుగా అతని మొహం. దవడ బిగించి, కళ్ళార్పకుండా. మొహం చూపించమన్నది నేనే, ఇప్పుడు చూడలేకపోతున్నది నేనే. కసి తీర్చుకుంటున్నాడు. పందెం కాసినప్పుడు ఏడాదికి ఒక్కసారి ఓడించాడు, ఇప్పుడు రోజూ ఓడిస్తున్నాడు. జన్మాంతం అన్నప్పుడే వేసెయ్యాల్సింది.

నడుం మీద తాడు ఒరిపిడికి చర్మం లేచిపోయింది. అది నీ సలహా.

కోడలు


జూన్ 24

కోడలా,

కసి తీర్చుకునేవాడు గెలిచాక నవ్వుతాడు. వాడు నవ్వుతున్నాడా? గెలిచాక ఏం చేస్తున్నాడో రాయలేదు నువ్వు. నీ కళ్ళు వాడి దవడ మీదే ఉన్నాయి, కాస్త కిందికి దించు. కాళ్ళు చూడు. ఎంత లాగుతున్నాడో కాదు, ఎప్పుడు లాగుతున్నాడో చూడు.

నడుముకి పాత దుప్పటి చుట్టి దాని మీద తాడు వేసుకో. ఇది కూడా నేను చెప్పాలా?

అత్త


సెప్టెంబరు 8

అత్తా,

చూశాను. రెండు నెలలు పట్టింది, అయినా చూశాను.

అతను అతనిలా లాగట్లేదు. ఇటుకలవాళ్ళలా లాగుతున్నాడు! ముందు ఏమీ చెయ్యరు, ఊరికే పాతుకుని ఆపుతారు. మన గంట "లాగు... లాగు..." అని అరిచి అరిచి ఒకచోట ఊపిరి తీసుకుంటాడు కదా, ఆ ఒక్క క్షణం మన ఎనిమిది ఒళ్ళూ వదులవుతాయి. సరిగ్గా అప్పుడు ఒక్క గుంజు గుంజుతారు. మూడు ఫైనళ్ళూ ఓడింది ఆ సందులోనే. అది లోడింగువాళ్ళ ఒంటికి పట్టేదాకా నేర్పించి, రోజూ మా మీద ప్రయోగిస్తున్నాడు. గెలిచాక నవ్వడు. నేను మళ్ళీ తాడు పట్టేదాకా నిలబడి చూస్తాడు.

సాధన అయ్యాక నేరుగా వెళ్ళి అడిగాను. "ఇది మీకు ముందే తెలుసా?"

"కొసన ఉంటే తెలుస్తుందమ్మా. తాడులో తెలుస్తుంది."

"మూడేళ్ళూ తెలిసి, ఒక్కసారి నోరు తెరవలేదేం?"

"చెప్పడం రాదు. ఓడతామని తెలుసు. అందుకే కాశాను."

ఒళ్ళు భగ్గుమంది. "పందెం కన్నా అది పెద్ద తప్పు. తెలిసి నోరు మూసుకున్నందుకు మీకు ఇంకో ఏడు వెయ్యాలి" అని మొహం మీదే అన్నాను. తలూపాడు. "వెయ్యండి" అన్నాడు. "ఇలా అయితే చెప్పగలుగుతున్నాను."

నాకు కోపం రావాల్సిన చోట రాలేదత్తా. కొత్తగా ఉంది.

ఇప్పుడు గంట ఊపిరి తీసుకునే చోట కొస నుంచి నేను కేకేస్తున్నాను. రెండు గొంతులు, మధ్యలో సందు లేదు. ఈ వారం ఆరు రోజుల్లో నాలుగు గెలిచాం. లోడింగువాళ్ళు పార్సిలు మాట మానేశారు. నిన్న కొత్త తాడు మీద కొలిచాను. నాది రెండు వేళ్ళు.

కోడలు (మెడ బాగుపడుతోంది)


మార్చి 3

అత్తా! అత్తా! అత్తా!

గెలిచాం!

కాగితం మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు ఎలా ఉన్నా చదువుకో. మొదటి లాగుడు ఓడిపోయాం, కంగారులో కేక వెయ్యడం మరిచిపోయాను. ఇటుకలవాళ్ళు అప్పుడే మన గేటువైపు చూపించి నవ్వుకోవడం మొదలుపెట్టారు. రెండోది మనది. మూడోది రాస్తాను, కూర్చుని చదువు.

పాతుకున్నారు. ఆపారు. గంట ఊపిరి కోసం ఎదురుచూశారు. గంట ఆగాడు, నేను అరిచాను. వాళ్ళు గుంజారు. మా ఒంట్లో వదులు లేదు, గోడని గుంజినట్టయింది వాళ్ళకి. మళ్ళీ ఎదురుచూశారు. మళ్ళీ నేను. నాలుగు నిమిషాలత్తా! వాళ్ళ కొసవాడి మొహం చూస్తూనే ఉన్నాను. ఏడాదంతా అంతకన్నా గట్టి మొహాన్ని చూసినదాన్ని, నాకది పిల్లాట. అప్పుడు వాళ్ళ నాలుగో మనిషి మడమ జారింది. ఇక చూస్కో! వచ్చేశారు, ఎనిమిదిమందీ, పట్టాల మీద బండిలా. గీత దాటాక కూడా ఆపాలని ఎవరికీ తోచలేదు. కార్యదర్శి ఈల ఊదీ ఊదీ చివరికి జెండా విసిరేశాడు.

మా ఎనిమిదిమందిలో ఒక్కరం కూడా వెనక్కి చూడలేదు.

లంగరు కంచె బయట ఉన్నాడు, శిక్ష ప్రకారం. లోడింగు లారీ మీద, తన ఏడుగురితో. వాళ్ళేడుగురూ లారీ చెక్కలు విరిగేలా గెంతుతున్నారు. అతను మాత్రం కూర్చుని ఉన్నాడు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని. కప్పు పట్టుకుని కంచె దాకా వెళ్ళాం. పుస్తకం ప్రకారం అతను లోపలికి రాకూడదు. కప్పు బయటికి పోకూడదని మాత్రం ఎక్కడా లేదు. పైకి అందించాను. రెండు చేతులా అందుకుని, "బరువుంది" అన్నాడు.

తర్వాత ఇటుకల ఫ్యాక్టరీ గేటు ముందు నుంచే వెళ్ళాం. వేరే దారి ఉంది. ఉంటే ఉండనీ.

గొంతు పోయిన,
నీ కోడలు


మార్చి 8

కోడలా,

నీ ఉత్తరం కాటా కిటికీకి అతికించాను. బరువు తూయించుకోవాలంటే ముందు అది పైకి చదవాలని రూలు పెట్టాను. చదువు రాని డ్రైవర్లకి నేనే చదివి వినిపిస్తున్నాను, బళ్ళు రోడ్డు దాకా ఆగిపోతున్నాయి. మా మేనేజరు తిట్టడానికొచ్చి, నాలుగో మనిషి మడమ జారిన దగ్గర చప్పట్లు కొట్టాడు.

నెలాఖరుకి ఏడాది తీరుతుంది. ఇప్పుడు చెప్పు, ఇంకో ఏడు వేస్తావా, చాలా? ఈసారి నేను ఏమీ అనను. తాడు నీ నడుముకి ఉంది.

పొగరుతో,
అత్త


ఏప్రిల్ 2

అత్తా,

మొన్నటితో అతని శిక్ష తీరింది. కార్యదర్శి ఒక్క లైనులో కాగితం పంపాడు. దాన్ని షెడ్డులో చదివాం. "తీసుకుందామా?" అని గంట అడిగాడు.  అందరూ నావైపు చూశారు, పోయిన ఏడు జన్మాంతం అన్నది నేనే కాబట్టి.

నేను చెప్పిందిది. "ఇంత శిక్ష తక్కువేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. రేపు ఇంకెవరైనా మన మీద కాస్తే ఇంతకన్నా గట్టిది వేస్తాను, వాళ్ళు ఎంత లాగినా సరే. కానీ వేసింది పూర్తిగా కట్టేశాడు. ఒక్కరోజు ఎగ్గొట్టలేదు. కట్టేసినవాడిని మళ్ళీ అడగడానికి నా దగ్గర ఏం లేదు." ఏడు చేతులూ లేచాయి. ఈసారి మొదట లేచింది నాది.

సాయంత్రం మైదానానికి వచ్చాడు. అలవాటు కొద్దీ నేరుగా ఎదురు కొసకి వెళ్ళి నిలబడ్డాడు. "అటు కాదు, ఇటు" అని అరిచాను. తాడు వదిలి వచ్చాడు. వచ్చి నా ముందు ఆగి, తాడు చుట్టి ఉన్న నా నడుం చూశాడు.

"నేనెక్కడ?" అన్నాడు.

నేను కొసకి మారాక నా చోట ఏడో నంబరుగా వచ్చిన అమ్మాయికి వేరే షిఫ్టు పడింది. "ఏడు" అన్నాను. "నా ముందు."

ఇరవై ఏళ్ళు అందరి వెనకా నిలబడినవాడు, అత్తా. అతని వెనక ఎప్పుడూ ఎవరూ లేరు. తాడు చేతిలోకి తీసుకుని నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. మెడ మీద నెరిసిన వెంట్రుకలు కనిపిస్తున్నాయి. గంట చెయ్యెత్తాడు. ఇప్పుడు తల తిప్పుతాడు, ఒక్కసారైనా తిప్పి చూస్తాడు, ఈ పిల్ల నిజంగా లాగుతుందా అని, అనుకుంటూ ఆ మెడనే చూస్తూ నిలబడ్డాను.

గంట అరిచాడు. తాడు బిగిసింది. ఎదురుగా లోడింగువాళ్ళు పాతుకున్నారు, ఆపారు, సందు కోసం చూశారు. నేను కేకేశాను.

తిప్పలేదు. లాగాడు.

నీ కోడలు, ఎనిమిదో నంబరు